దుమ్ము మిషన్ ధర దిగిన రోజు

ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకే సొసైటీలో గుమాస్తాగా చేసి దిగిపోయినదాన్ని. ఇంతకాలంలో నువ్వు చేసిన పెద్ద పని ఏమిటని ఎవరైనా అడిగితే, ఫోనులో ఒక గంట పెట్టాను అని చెబుతాను. మీ వయసు వాళ్లకు నవ్వొస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక వస్తువు ధర తగ్గగానే ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకోవడం మీకు చెప్పులేసుకున్నంత తేలిక. నాకు మాత్రం అది సరిగ్గా కుదరడానికి నెలలు పట్టింది. ఈలోపు రెండు పొరపాట్లు చేశాను. అందులో రెండోది ఒక మనిషి ఊపిరి మీదికి వచ్చింది.

మాది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల సహకార సంఘం. నా ఇల్లు నంద్యాలలో. రోజూ పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం. రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డు, దాని కింద పద్నాలుగు మంది శిల్పులు, ఒక మూలన నా ఆఫీసు గది. నేను చేరిన కొత్తలో ఉలి, సుత్తి చప్పుడే. రాయి పెచ్చులు పెచ్చులుగా లేచి కింద పడేది, ఊడ్చేస్తే పోయేది. తర్వాత కరెంటు గ్రైండర్లు వచ్చాయి. పని వేగం పెరిగింది, రాయి పెచ్చుగా కాకుండా పిండిగా లేవడం మొదలైంది. పొద్దున నేను బల్ల మీద పెట్టిన టిఫిన్ డబ్బా మూత మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. దాన్ని మేమెవరమూ పెద్దగా పట్టించుకోలేదు. రాతి పనిలో దుమ్ము కాక పన్నీరు లేస్తుందా అని నవ్వుకునేవాళ్లం.

మా అందరిలోకి పెద్ద శిల్పి ఒకాయన ఉండేవాడు. ఏ విగ్రహమైనా ఎవరు చెక్కినా, ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతికి ఇచ్చేవాళ్లు. నేను రిటైరయ్యే ముందు ఏడాది వానాకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. నెల దాటినా వదల్లేదు. నంద్యాల నా ఊరే కాబట్టి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది తగ్గేది కాదు. ఇక్కడితో ఆపొచ్చు, అంతే. మీ షెడ్డులో ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడిగాడు.

"ఇంకా పదమూడు మంది," అన్నాను.

"అందరూ పీలుస్తున్నది ఈ గాలే కదమ్మా! మూతికి మాస్కు పెట్టుకుంటే కొంత నయం. అసలు పని, దుమ్ము లేచిన చోటే లాగేసే మిషన్ పెట్టడం."

బస్టాండుకు నడిచి వస్తుంటే పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, నేను ఉలి దించేస్తే నా మటుకు సరిపోతాది. వాళ్లు యాడికి పోతారు? అందరూ చిన్న పిలకాయల తండ్రులు."

ఆ మాట నన్ను వదల్లేదు.

మిషన్ వాకబు చేశాను. డీలరు లక్షన్నర పైన చెప్పాడు. మా దగ్గర సరిగ్గా లక్ష ఉంది. విగ్రహాలు చేయించుకున్న ఒక పెద్దమనిషి, పని చూసి సంతోషపడి, షెడ్డు బాగు కోసమని ఇచ్చి పోయిన సొమ్ము అది. కూడగట్టి కలుపుదామంటే అందరూ రోజు కూలికి చెక్కేవాళ్లు. సర్వసభ్య సమావేశంలో విషయం పెట్టాను. మా ప్రెసిడెంటు శిరివెళ్ల దగ్గర పల్లెలో పెద్ద సేద్యగాడు, మాట గట్టి మనిషి. ఆయన మనసులో వేరే పని ఉంది.

"శెట్టెమ్మా, ఉండేది లక్ష. నువ్వు చెప్పేది లక్షన్నర మాట. ఆ దుడ్లతో రోడ్డు మీదికి మంచి గేటు, బోర్డు పెడితే పోయే కార్లు నిలబడ్తాయి. ఆర్డర్లు వస్తాయి."

"ఆర్డర్లు వస్తే చెక్కే మనుషులుండాల గదన్నా," అన్నాను.

అటూ ఇటూ చాలాసేపు నడిచింది. చివరికి ఆయనే తేల్చాడు. "సరే. ఉగాది లోపల ఆ మిషన్ లక్షకు తెచ్చినావంటే నేనే దగ్గరుండి కొనిపిస్తా. లేదంటే గేటు. మాటంటే మాటే."

అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. లక్షకు ఎట్లా తెస్తానో నాకే తెలియదు.

మా ఆఫీసులో టైపు పనికి కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. డిగ్రీ చదివింది, మాట తక్కువ, చేతులు చురుకు. ఆ అమ్మాయి తన ఫోనులో అదే మిషన్ ఆన్‌లైన్ దుకాణంలో చూపించింది. లక్షా ఇరవై ఎనిమిది వేలు.

"ఇది ఒకే ధర మీద నిలబడదు మేడం. దిగుతాది, ఎక్కుతాది. ఇదో చూడండి, ఏడాదిలో ఎప్పుడెప్పుడు దిగిందో గీత గీసి చూపిస్తాండాడు."

ఇంకో యాప్‌లో ఆ గీత చూశాను. మా షెడ్డు రేకుల అంచులాగా ఎగుడుదిగుడుగా ఉంది. రెండు చోట్ల బాగా కిందికి దిగింది.

"మీకు కావాల్సిన ధర ఇక్కడ వేయండి. ఆ ధరకు రాంగానే మీ ఫోను గంట కొడ్తాది. రోజూ చూసుకుంటా కూర్చునే పన్లేదు."

ఇది విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మాది వ్యాపారస్తుల ఇల్లు. నాయన నంద్యాలలో కిరాణా కొట్టు నడిపేవాడు. సరుకు కొనడానికి ఒక కాలం ఉంటుందని, ఆగగలిగినవాడే కొనగలడని ఆయన దగ్గర చూస్తూ పెరిగాను. ఆగడానికి ఒక నౌకరును పెట్టుకోవచ్చని మాత్రం ఆ రోజే తెలిసింది.

మొదటి పొరపాటు వారం తిరక్కుండానే జరిగింది. ఒక మధ్యాహ్నం ఫోను గంట కొట్టింది. ధర తగ్గిందని కబురు. తెరిచి చూడకుండానే గదిలోంచి షెడ్డులోకి పరుగెత్తి, "వచ్చింది, వచ్చింది!" అని కేకేశాను. గ్రైండర్లన్నీ ఆగిపోయాయి. పద్నాలుగు మంది లేచి నిలబడ్డారు. టైపు అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుని చూసి గొంతు తగ్గించింది.

"మేడం, ఇది మిషన్ కాదు. మిషన్‌కు తగిలించే సంచి."

రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. నేను గంట పెట్టింది సంచికి. ఒక శిల్పి, "పోనీలే మేడం, సంచి కొనండి, దుమ్ము మేమే ఎత్తి పోస్తాం," అన్నాడు. షెడ్డంతా నవ్వింది. పెద్దాయన నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగేదాకా ఎవరూ మళ్లీ నవ్వలేదు.

ఈసారి మిషన్‌కే పెట్టాను. కావాల్సిన ధర అన్న చోట తొంభై వేలు అని వేశాను. ఎందుకు తొంభై? మా నాయన నేర్పిన విద్య అది. నూరు చెప్పినదాన్ని అరవైకి అడుగు, ఎనభైకి తెచ్చుకో అనేవాడు. అదే లెక్కలో తొంభై అడిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దీపావళి వచ్చింది, పోయింది. గంట కొట్టలేదు. పండగైన నాలుగో రోజు టైపు అమ్మాయి ఆ గీత తెరిచి ఫోను నా ముందు పెట్టింది. గీత బావిలోకి దిగినట్టు దిగి, మళ్లీ పైకెక్కి ఉంది.

"రెండు రోజులు తొంభై ఆరు వేలకు వచ్చి పోయింది మేడం."

"మరి గంట ఎందుకు కొట్టలేదు?"

"మీరు తొంభై అని పెట్టినారు గద. తొంభైకి వస్తేనే కొడ్తాది."

నా చేతిలో లక్ష ఉంది. మిషన్ తొంభై ఆరు వేలకు రెండు రోజులు నా గుమ్మం ముందు నిలబడి వెళ్లిపోయింది. అంగడివాడైతే నా ముఖం చూసి ఒక మెట్టు దిగుతాడు, నేను ఒక మెట్టు ఎక్కుతాను. యంత్రానికి ముఖం చూడడం తెలియదు. నేను తొంభై అంటే తొంభై అనే అర్థం చేసుకుంది.

ఆ వారమే పెద్దాయనకు ఆయాసం ఎక్కువై నంద్యాలలో ఆస్పత్రిలో చేర్చారు. నాలుగు రోజులున్నాడు. మూడో రోజు పోయి మంచం పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. ఆయన ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి అన్నాడు.

"తొంభై ఆరుకు దిగిందంటే దానికి దిగే గుణం ఉండాదన్న మాట. రాయి కూడా అంతేమ్మా. యాడో ఒక కాడ నరం ఉంటాది, ఆడ తగిలితే అదే దారిస్తాది. ఇంకోతూరి దిగుతాది. ఈతూరి సరిగ్గా పెట్టు."

మరుసటి రోజు షెడ్డులో అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. ఒకరి తర్వాత ఒకరు గ్రైండర్లు ఆన్ చేసుకున్నారు.

అమ్మాయీ నేనూ కూర్చుని మళ్లీ పెట్టాం. ధర లక్ష, రవాణాతో కలిపి. నా ఫోనులో, తన ఫోనులో కూడా. మిగతా కబుర్లన్నీ ఆపేసి దానికొక్కదానికే గట్టి మోత పెట్టింది. బస్సులో మోగినా వినపడాలని అంబులెన్సు కూత ఎంచింది.

జనవరి అమ్మకాల్లో లక్షా పదిహేను వేల దగ్గర ఆగిపోయింది. ఫిబ్రవరి అంతా కదల్లేదు. పెద్దాయన షెడ్డులోకి రావడం మానేసి, బయట చెట్టు నీడన కూర్చుని కాగితం మీద ముఖాలు గీసి ఇచ్చేవాడు. లోపల ఉన్నవాళ్లలో ఇంకో ఇద్దరికి దగ్గు మొదలైంది. గేటు చేసే వెల్డింగ్ మనిషి వచ్చి రోడ్డు వైపు వాకిలి వెడల్పు కొలుచుకుని పోయాడు.

ఉగాది ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా, పొద్దున నేను నంద్యాల నుంచి వస్తున్న బస్సులో ఉన్నాను. శిరివెళ్ల దగ్గర పడుతుండగా నా సంచిలో అంబులెన్సు కూసింది. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఫోను తీసి ముందు బొమ్మ చూశాను. సంచి కాదు, మిషనే. తొంభై ఏడు వేల అయిదు వందలు. కింద ఎర్ర అక్షరాల్లో, ఈ ధరకు మూడే ఉన్నాయని.

ఫోను చేసి అమ్మాయిని అడిగాను. "కొత్త మోడల్ వచ్చినట్టుండాది మేడం, పాతది దించుకుంటాండారు. బేగా చేయండి," అంది.

సొసైటీ కార్డు నా దగ్గర ఉంటుంది. దాని మీద ఏది కొన్నా ఓటీపీ పోయేది ప్రెసిడెంటు ఫోనుకు. తాళం ఒకరి దగ్గర, చెవి ఒకరి దగ్గర. బస్సు కుదుపుల్లో కార్డు అంకెలు కొట్టి ఆయనకు ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"ఆయన మిరప చేనుకాడికి పోయినాడు. ఫోను ఇంట్లోనే మరిచిపోయినాడు. ఎవరూ?"

"నేను వదినా, సొసైటీ గుమాస్తాను. ఇప్పుడే ఆ ఫోనుకు ఒక నంబరు వచ్చింటాది. కొంచెం చదువు వదినా."

"వచ్చింది."

"చెప్పు."

"చెప్పను."

"ఏందీ?"

"ఆ నంబరు ఎవరడిగినా చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పినారు. మా ఆయన చెప్పినాడు. టీవీలోనూ చెప్తాండారు. పోయిన నెల మా పక్కింటోళ్లకు ఇట్లనే ఫోనొచ్చింది. ఆడమనిషే. ఇట్లనే వదినా వదినా అని తియ్యగా మాట్లాడింది."

ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చిన కోపం చెప్పలేను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ రోజు తన పని తాను సరిగ్గా చేసిన మనిషి ఆమే.

బస్సు శిరివెళ్లలో ఆగింది. దిగేశాను. వాళ్ల పల్లె అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు. ఆటో ఎక్కి ఫోను చూస్తే మూడు పోయి రెండు అని ఉంది. "అప్పా, కొంచెం బేగా పోనీ," అంటే ఆటో అతను, "ఎవరికన్నా బాగలేదా అక్కా?" అన్నాడు. "పద్నాలుగు మందికి," అన్నాను. అతను గట్టిగా తోలాడు.

ప్రెసిడెంటు భార్య వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది.

"అయ్యో, నిజంగా నువ్వేనా! నేనెవరో దొంగ మనిషి అనుకుంటినే!"

"నేనే వదినా. ఇప్పుడన్నా నంబరు చెప్పు."

"అదంతా ఆయన ముందరే. దా పోదాం."

ఇంట్లోంచి ఆయన ఫోను తెచ్చుకుంది. గట్టు మీద ఆమె ముందు, నేను వెనక, దాదాపు పరుగే. నా వయసుకు, నా మోకాళ్లకు అది మామూలు పరుగు కాదు. చేనులో కోత కూలీల మధ్య ప్రెసిడెంటు తలగుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎవరో పోయారనుకుని ఎదురొచ్చాడు. ఆయాసపడుతూనే ఫోను చూపించాను. ఆ సరికి రెండు పోయి ఒకటి అని ఉంది.

"తొంభై ఏడున్నరా? మోసమేమో చూసినావా?"

"చూసినా అన్నా. అమ్మేవాడు పాతవాడే. వారంటీ ఉండాది. బిల్లు మన సొసైటీ పేరు మీదే వస్తాది."

ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "గేటు వానికి మాటిచ్చినానే, ఉగాది దాటినాక పని మొదలుపెట్టమని."

నాకంటే ముందు మాట్లాడింది ఆయన భార్య.

"ఉగాది దాటినాక అన్నావు గదా. దాటిందా?"

"అది గాదు..."

"మన ఇంట్లో దేవుని ముఖం చెక్కింది ఆ పెద్దాయనే గదా. ఆయన దగ్గుతాండాడంట. నీ గేటు దగ్గుతాదా?"

కూలీలు కోత ఆపి వింటున్నారు. ప్రెసిడెంటు నన్నూ, భార్యనూ మార్చి మార్చి చూసి ఉన్నట్టుండి నవ్వేశాడు.

"ఇద్దరు ఆడోళ్లు చేన్లో దిగినాక ఇంగ నాదేముండాది! మాటిచ్చినా, నిలబడ్తా. కానీ శెట్టెమ్మా, కొట్టు."

మళ్లీ అంకెలు కొట్టాను. ఆయన ఫోను మోగింది. అద్దాలు ఇంట్లో ఉండిపోయాయి కాబట్టి చదవమని భార్యకే చెప్పాడు. అప్పుడు ఆమె, మొగుడు పక్కన నిలబడి ఉండగా, ఒక్కో అంకె గట్టిగా, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివింది. నేను కొట్టాను. సిగ్నలు ఒక్క గీతే ఉంది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది, తిరుగుతూనే ఉంది. ఫోను పైకెత్తి గట్టు మీద నిలబడ్డాను. మీ ఆర్డరు అందింది అని ఆకుపచ్చగా వచ్చింది.

నేను ఏమని అరిచానో గుర్తు లేదు. కూలీలలో ఒకామె, "ఏమక్కా, లాటరీ తగిలిందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే ప్రెసిడెంటు మీసం తుడుచుకుంటూ అన్నాడు. "లాటరీ గాదు. మా సొసైటీ మిషన్ కొనింది. లక్షన్నర మిషన్!"

ఆ సాయంత్రానికే ధర లక్షా ముప్పై వేలు దాటింది. అమ్మాయి ఆ గీతను పెద్దగా ప్రింటు తీసి, నేను వద్దంటున్నా వినకుండా, నా గది తలుపుకు అంటించింది.

మిషన్ ఉగాదికి రెండు రోజుల ముందు లారీలో దిగింది. అన్న మాట ప్రకారం ప్రెసిడెంటు దగ్గరుండి బిగింపించాడు. స్విచ్ వేయమని అందరూ ఆయన్నే అడిగారు. ఆయన పోయి, బయట చెట్టు కింద కూర్చున్న పెద్దాయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. పెద్దాయన స్విచ్ వేసి, ఒక రాయి ముందు కూర్చుని, గ్రైండర్ అందుకున్నాడు. లేచిన దుమ్ము లేచినట్టే వంగి గొట్టంలోకి పోయింది. ఆయన ఆపి చూశాడు. మళ్లీ కొంచెం కోశాడు. మళ్లీ పోయింది. పని మధ్యలో ఆ చివర కూర్చున్నవాళ్ల ముఖాలు ఈ చివరికి కనబడడం నేను అదే మొదటిసారి చూశాను.

గేటు కూడా ఆ తర్వాతి ఏడాది వచ్చింది. బాగుంది. కార్లు కూడా ఆగుతున్నాయి.

చిన్నవాళ్లు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్కటే. ధర తగ్గితే చెప్పమని ఫోనును అడగడం తేలిక. మనకు ఏ ధర కావాలో మనకు తెలియడమే కష్టం. నేను మొదట పెట్టిన తొంభై వేలు మా అవసరానికి సంబంధించింది కాదు, నా తెలివికి సంబంధించింది. అవసరానికి పెట్టిన రోజున పని అయింది.

పెద్దాయన ఊపిరితిత్తులు కొత్తవి కాలేదు. ఇంకా ముదరలేదని మాత్రం డాక్టరు ప్రతిసారీ చెబుతున్నాడు. పూటపని చేస్తున్నాడు, ముఖాలు మాత్రమే. మిషన్ పెట్టిన మర్నాడు పొద్దున ఆయన నా గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి మళ్లీ ఏదైనా అయిందేమోనని భయపడ్డాను.

"నిన్న ఇంట్లో పెద్ద గొడవమ్మా," అన్నాడు.

"ఏమైంది?"

"ఏముందీ, చెట్టు కింద కూర్చునేది అయిపోయింది, మళ్లీ గ్రైండర్ పట్టినానని మా ఇంటామెతో చెప్పినా. గుడ్డలు చూసింది, తల చూసింది, చేతులు చూసింది. యాడా దుమ్ము లేదు. పనికని చెప్పి దినమంతా యాడ తిరిగొచ్చినావని రాత్రి కూడు పెట్టకుండా నిలదీసింది."